గార్డు లేని బండి

పైడయ్య సంచి భుజాన వేసుకుని ఇంట్లోంచి బయటపడుతూ గురమ్మతో అబద్ధమాడాడు. ఇప్పపువ్వు కొనడానికి పల్లె దాకా వెళ్లొస్తానన్నాడు. వాళ్ల కాపురం మొత్తంలో ఆయన ఇప్పపువ్వు కొన్నదీ లేదు, తిన్నదీ లేదు. పైగా సంచిలోంచి రెండు జెండా కర్రలు పైకి పొడుచుకుని కనబడుతూనే ఉన్నాయి. ఆవిడ వాటివైపు ఒకసారి, మొగుడి మొహంవైపు ఒకసారి చూసి, "ఎండెక్కకముందు వచ్చీ" అని మాత్రం అంది. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే పైడయ్య ఉన్నదంతా కక్కేసి, గుమ్మంలోనే కూలబడి, వెళ్లడం మానుకునేవాడు. ఆ ఒక్క ప్రశ్న వేయనందుకు దారి పొడుగునా పెళ్లాన్ని మనసులో తిట్టుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ ఉదయం ఆయన కూతురు కన్నమ్మ ఒక కారుని, దాని ఇంజిన్లో ఎంత సత్తువ ఉందో అంతా బయటికి లాగి, పరుగెత్తించబోతోంది. రోడ్డు ఖాళీగా ఉందో లేదో చూసి చెప్పాల్సిన పని పైడయ్యది. పిల్లకేమైనా అయిందంటే, ఏమీ కాదని జెండా ఊపినవాడు తనే అవుతాడు. ఈ ఒక్క ముక్కా రాత్రంతా ఆయన్ని కంటిమీద కునుకు వేయనివ్వలేదు.

పైడయ్య విజయనగరం పక్క నుంచి వచ్చి కిరండూల్ లైనులో గేట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. బైలాడిలా కొండ మీది ఇనుపరాయిని విశాఖపట్నం మోసుకుపోయే ఓర్ బండ్లన్నీ ఆయన గేటు దాటి పోయినవే. గేటు వేశాక, వేశానా లేదా అని మళ్లీ వెళ్లి చూసేవాడు. చూసి వచ్చాక, సరిగ్గా చూశానా అని ఇంకోసారి వెళ్లేవాడు. తోటివాళ్లు నవ్వేవారు. నవ్వనీ, ఆయన గేటు దగ్గర కోడిపిల్ల కూడా చావలేదు. ఉద్యోగం అయిపోయింది గాని ఆ భయం మాత్రం పెన్షన్‌తో పాటు ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు గ్యాసు కట్టేశానా లేదా అని చూడ్డానికి లేస్తుంటాడు.

ఇలాంటి మనిషికి కన్నమ్మ లాంటి కూతురు ఎలా పుట్టిందో ఆ దేవుడికే తెలియాలి. గనిలో డంపరు నడుపుతుంది. ఇల్లంత బండిని, నిండా రాయి పోసుకుని, కొండ అంచుమీద మలుపులు తిప్పుతుంది. ఆమె మొగుడు నూకరాజు ఆ డంపర్లని బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. పెళ్లిచూపుల్లో ఇద్దరూ మాట్లాడుకున్నది ఇంజిన్ ఆయిలు గురించేనని గురమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. వాళ్లిద్దరూ కలిసి, వైజాగ్‌లో ఏదో షెడ్డులో తుప్పు పట్టిపోతున్న రెండు తలుపుల జపాన్ స్పోర్ట్స్ కారుని లారీ మీద ఎక్కించుకొచ్చారు. దాని పేగులన్నీ బయటికి తీశారు. పాత టర్బో పీకి అంతకంటే పెద్దది బిగించారు. టర్బో అంటే, ఇంజిన్ వదిలే పొగతోనే ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజిన్లోకి గాలిని బలవంతంగా కుక్కడం. అలా కుక్కేకొద్దీ పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండి అంతకంత ఎగురుతుంది. అల్లుడు ఇదంతా ఓపిగ్గా వివరిస్తే పైడయ్య మొత్తం విని, "మరి అది పేలిపోదా బాబూ?" అని అడిగాడు. నూకరాజు కాస్త ఆలోచించి, "పేలకూడదు మావా" అన్నాడు. ఆ ఆలోచించడమే పైడయ్యకి నచ్చలేదు.

హైదరాబాదు దగ్గర ఎక్కడో కార్ల పందెం ఉందట. తిన్నటి దారిలో ఎవరు ముందు దూసుకుపోతే వాళ్లు గెలిచినట్టు. అందులోకి రానివ్వాలంటే, బండి ఎంత త్వరగా వేగం అందుకుంటుందో ముందే పరీక్ష చేసి, వీడియో తీసి పంపాలి. డంపరు నడిపే ఆడమనిషి వస్తానంటే వాళ్లు నవ్వారని కన్నమ్మకి మండిపోయింది. అందుకే ఈ పరీక్ష.

రోడ్డు కూడా దొరికింది. కొత్త గని కోసం వేసింది. గని ఇంకా తెరవలేదు కాబట్టి లారీలు తిరగడం లేదు. అడవి మధ్యన తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోయి, చివర వాగు దగ్గర వంతెన మీదికి వంపు తిరుగుతుంది. దారిలో ఉన్న భద్రతా దళాల క్యాంపు జవాన్లకి నూకరాజు ముందురోజే చెప్పి ఉంచాడు. ఫోను సిగ్నల్ మాత్రం అక్కడ చుక్క కూడా లేదు. "జెండాలున్నాయి గదా నాన్నా, నువ్వున్నావు గదా" అంది కన్నమ్మ. నూకరాజు ఒక చివర కారు దగ్గరుంటాడు. పైడయ్య అవతలివైపు, పరుగు ముగిసే సున్నం గీతకి కాస్త ఇవతల నిలబడతాడు. ఆయన పచ్చ ఎత్తితే బండి బయల్దేరుతుంది. ఎర్ర చూపితే ఆగిపోతుంది. ఇంతకంటే సులువైన పని ఇంకోటి లేదని అల్లుడు అన్నాడు. సులువని అల్లుడు చెప్పిన ప్రతి పనికీ పైడయ్య మరింత భయపడతాడు.

తీరా అక్కడికి వెళ్లేసరికి రోడ్డు ఖాళీగా లేదు. చైత్రమాసం, ఇప్పపువ్వు రాలే రోజులు. పువ్వు శుభ్రమైన నేల మీద రాలాలని, అక్కడివాళ్లు చెట్ల కింద ఆకులు పోగేసి కాలుస్తారు. ఆ పొగ ఇంకా రోడ్డు మీద పల్చగా పాకుతోంది. గీతకి అవతల, రోడ్డు వాగువైపు వంపు తిరిగే చోట, ఒక కాలిబాట రోడ్డుని అడ్డంగా దాటుతుంది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు గంపలతో అటూ ఇటూ నడుస్తున్నారు. పైడయ్య సంచి దించి తాడు తీశాడు. కాలిబాటకి ఇరువైపులా చెట్లకి తాడు కట్టడం మొదలుపెట్టాడు.

గంప దించి ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చింది. పేరు ఆయతి. తెలుగు నేల సరిహద్దున ఎర్రబోరు పక్క ఊరు ఆమె పుట్టిల్లు, అందుకని తెలుగు మాట్లాడుతుంది.

"ఏంది దాదా, మా బాటకు తాడు కడుతున్నవ్?"

"రైలు గేటు అనుకో అమ్మా. కాసేపే. మా అమ్మాయి బండి వస్తాది. శానా జోరుగా వస్తాది. అది ఎల్లిపోయేదాకా ఎవుల్నీ దాటనివ్వకు, నీకు దండం పెడతాను."

"పొద్దెక్కితే పువ్వు వాడిపోతది. పశువులొచ్చి తింటయ్." ఆమె ఆయన చేతులవైపు చూసింది. వేసిన ముడే విప్పి మళ్లీ వేస్తున్నాడు. "బిడ్డ నడుపుతదా? ఆడబిడ్డనా?" అంది ఆశ్చర్యపోతూ. తర్వాత తనే తాడు అందుకుని ముడేసింది. "పో. నేను చూసుకుంట. ఎవ్వర్నీ పోనియ్య."

పైడయ్య తన చోటుకి వచ్చి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి తాడువైపు చూశాడు. ముందుకి తిరిగి రోడ్డువైపు చూశాడు. మళ్లీ తాడువైపు చూశాడు. ఎంతసేపు చూసినా ఏ మార్పూ లేదు. ఇక తప్పదని పచ్చ జెండా ఎత్తాడు.

మొదటి పరుగు సగం సత్తువతోనే. దూరాన ఒక తెల్లటి చుక్క కదిలింది. ముందు సన్నటి ఈల వినిపించింది, తర్వాత రొద, ఆ తర్వాత కారు. పైడయ్యకి తెలియకుండానే వెన్ను నిటారుగా అయింది. చెయ్యి చాచి పచ్చ జెండా పట్టుకున్నాడు, కళ్లు చక్రాల మీదికి పోయాయి. గేటు దాటే ప్రతి బండినీ అలాగే చూడాలి. ఎక్కడైనా ఇరుసు కాలుతోందా, ఏదైనా వేలాడుతోందా, నిప్పురవ్వలు లేస్తున్నాయా. అది డ్యూటీ. కారు ఆయన చొక్కా లాగేసేంత గాలి రేపుతూ పోయి, గీత దాటి, మెల్లగా తగ్గి, తాడుకి చాలా ముందే బుద్ధిగా ఆగింది.

తిరిగి వస్తూ కన్నమ్మ అద్దం దించింది. మొహం వెలిగిపోతోంది.

"ఏటి నాన్నా, నాకు కూడా సెల్యూట్ కొట్టేలా నిలబడ్డావు?"

"సాల్లే అమ్మా. బాగానే ఎల్లింది గదా. ఇంటికి పోదాం."

"ఇది ఉత్తినే. ఇప్పుడు పూర్తిగా తొక్కుతాను. ఒక్కపాలి."

"బ్రేకు బాగుందా?"

"బాగుంది నాన్నా."

"తొక్కి సూసావా?"

"ఇప్పుడు ఆపింది మరి దేంతో?" అని నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వు చూస్తే పైడయ్యకి ప్రేమా వచ్చింది, నాలుగు తగిలిద్దామన్న కోపమూ వచ్చింది. చిన్నప్పుడు రైలు పట్టాల పక్కన పరుగెత్తేటప్పుడూ ఇలాగే నవ్వేది.

ఆయన మళ్లీ తాడువైపు చూశాడు. అవతల ఆయతి గడకర్రలా నిలబడి ఉంది, ఆమె వెనక ఆడవాళ్లు గంపలు దించుకుని కూర్చున్నారు. ఈ పరుగొక్కటీ అయిపోతే చాలు, ఇంటికి పోయి గురమ్మ కాళ్ల మీద పడి నిజం చెప్పేస్తానని మొక్కుకుని, పచ్చ జెండా ఎత్తాడు.

ఈసారి ఈల అలా మొదలవగానే అడవిలో పక్షులన్నీ లేచాయి. కారు రావడం ఆయనకి కనిపించలేదు, ఒక్కసారిగా వచ్చేసి ఉంది. తెల్లటి ముక్కు పైకి లేచి, వెనక భాగం నేలకి అణిగి, దూసుకొస్తోంది. పైడయ్య వెన్ను మళ్లీ నిటారుగా అయింది. కళ్లు మళ్లీ చక్రాల మీదికి పోయాయి. తనవైపున్న ముందు చక్రం లోపలి నుంచి తెల్లటి పొగ వస్తోంది. చక్రం తడిసి మెరుస్తోంది. కారు దాటిపోయాక తారు మీద సన్నటి తడిగీత మిగిలింది, నూనె కాలిన వాసన ముక్కుకి కొట్టింది.

ముప్ఫై ఏళ్ల అలవాటు చేసే పని చేసేసింది. పైడయ్య చటుక్కున బండి పోయినవైపుకి తిరిగాడు, పచ్చ జెండా కింద పడేశాడు, ఎర్ర జెండా విప్పి తల మీదుగా అటూ ఇటూ ఊపసాగాడు. గేటు దాటుతున్న బండిలో ప్రమాదం కనిపిస్తే చేయాల్సింది అదే. ఇంజిన్ అప్పటికే దాటిపోయి ఉంటుంది, డ్రైవరుకి కనబడదు. చివరి పెట్టెలో గార్డు ఉంటాడు. ఆయన గేట్‌మ్యాన్ వైపు చూస్తాడు. ఎర్ర జెండా చూసి బండి ఆపేస్తాడు. చేయాల్సినదంతా చేశానని పైడయ్యకి ఒక్క క్షణం మనసు నిమ్మళించింది.

ఆ మరుక్షణం అసలు సంగతి తట్టింది.

కారుకి గార్డు లేడు.

కారుకి చివరి పెట్టె లేదు. ఆ జెండా చూసేవాడు ఎవడూ లేడు. ఎదురుగా వస్తున్నప్పుడు చూపాల్సిన ఎర్ర జెండాని, వెళ్లిపోయాక దాని వెనక్కి చూపుతూ నిలబడ్డాడు తను. పిల్లని చక్రం కాలుతున్న బండిలో వాగు మీదికి పంపేసి ఖాళీ రోడ్డుకి జెండా ఊపుతున్నాడు.

"కన్నీ!" అని అరిచాడు. అరుపు తనకే సరిగ్గా వినబడలేదు. పరుగెత్తాడు. ఆయన పరుగెత్తి ఎన్నేళ్లయిందో. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. దూరాన కారు వెనక ఎర్రదీపాలు వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగాయి, మళ్లీ ఆరాయి. బ్రేకు తొక్కుతోంది, అది పట్టడం లేదు. ఇంజిన్ గొంతు ఒక్కొక్క మెట్టూ దిగుతూ మూలుగుతోంది. వంపు తిరగలేకపోతే కారు తిన్నగా తాడు మీదికే పోతుంది. తాడు వెనక మనుషులున్నారు. వాళ్లనక్కడ ఆపి కూర్చోబెట్టింది కూడా తనే.

ఆయతి కేక వినబడింది. ఆడవాళ్లు గంపలు వదిలేసి చెట్లవైపు పరుగెత్తారు. అంతలో కారు రోడ్డు దిగింది. ఎడమవైపు బీడు పొలంలోకి ఎగిరి పడి, ఎర్రటి దుమ్ము లేపి, ఆ దుమ్ములో కనబడకుండా పోయింది. ఏదో విరిగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

పైడయ్యకి ఆ పొలం చేరడానికి ఒక జన్మ పట్టింది. పరుగెత్తుతూ దేవుళ్లని ఒక్కొక్కరినే పిలిచాడు. పేర్లు అయిపోయాక, పక్క క్వార్టర్లోని క్రైస్తవులు పిలిచే దేవుణ్ణి కూడా పిలిచాడు. పిల్ల బతికుంటే చాలనీ, కాలో చెయ్యో పోయినా తను మోసుకు తిరుగుతాననీ చెప్పుకున్నాడు. తీరా చేరేసరికి పొలం గట్టుకి ఆనుకుని కారు ఒరిగిపోయి ఉంది. కన్నమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. నుదురు బొప్పి కట్టింది, పెదవి చిట్లింది. ఆయతి సొరకాయ బుర్రతో నీళ్లు పోస్తుంటే దోసిలి పట్టి తాగుతోంది.

పైడయ్య ఆమె ఎదుట మోకాళ్ల మీద కూలబడ్డాడు. చేతులు తడిమాడు, కాళ్లు తడిమాడు, వేళ్లు కూడా ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు.

"బాగానే ఉన్నాను నాన్నా. ఊరికే ఏడవకు."

"నేనేం ఏడవడం లేదు" అన్నాడాయన, చొక్కా ముందరంతా తడిసిపోతుండగా.

నూకరాజు మోటార్ సైకిల్ మీద వచ్చి, దాన్ని స్టాండు కూడా వేయకుండా వదిలేసి పరుగున వచ్చాడు. పెళ్లాన్ని చూసుకున్నాక కారు కిందికి దూరాడు. బయటికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. తాము వేసిన వెడల్పు టైరు, ముక్కు పైకి లేచినప్పుడల్లా బ్రేకు గొట్టాన్ని రాసుకుంటోంది. మొదటి పరుగులో అరిగింది, రెండో పరుగులో చిరిగింది. ఇంజిన్ గురించి నెలల తరబడి ఆలోచించినవాడు ఆ గొట్టం గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. తల పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

"గీతకి ముందే కాలు తీసేశావు" అన్నాడు, కారులో బిగించిన టైము కొలిచే పెట్టెని తీసి చూసి. "పెట్టెలో టైము పడలేదు. ఎందుకు తీశావు? బ్రేకు లేదని అప్పటికి నీకు తెలీదు గదా."

పైడయ్య చెప్పకుండా ఉండిపోతే ఎవరికీ తెలియదు. కాని ఆయన ఏదైనా మనసులో దాచుకోగల మనిషైతే ఇన్నాళ్లు ఇంత భయపడుతూ బతికేవాడు కాదు.

"తప్పు నాది బాబూ" అన్నాడు. "సక్రం కాల్తన్నట్టు సూసాను. ఎర్ర జెండా ఊపాను. కానీ... బండి దాటాక ఊపాను. ఎనక్కి."

"ఎనక్కా? ఎవులికి మావా?"

పైడయ్య నేల చూపులు చూశాడు.

"గార్డుకి."

"కారుకి గార్డేటి మావా?" అన్నాడు నూకరాజు. కోపంగా అనలేదు. అందుకే పైడయ్యకి మరీ సిగ్గేసింది. చచ్చిపోవాలనిపించింది.

"నాను సూసాను" అంది కన్నమ్మ.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"పైనున్న అద్దంలో సూసాను. ఎర్రగా కనబడింది, కాలు తీసేశాను. అప్పుడు బ్రేకు తొక్కితే లేదు. అప్పటికే జోరు కొంత తగ్గింది కాబట్టి పొలంలోకి తిప్పగలిగాను."

"అంత జోరులో అద్దంలోకి సూసేవోలు ఎవులే?" అన్నాడు నూకరాజు.

"గేటు దాటాక గేట్‌మ్యాన్ ఏ జెండా సూపెడతన్నాడో సూడకపోతే ఎలగ?" అంది కన్నమ్మ, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. ఆమె పుట్టి పెరిగింది గేటు పక్క గదిలో. ఓర్ బండి వెళ్తుంటే వెనక పెట్టె కనబడేదాకా ఆమెకి అన్నం ముద్ద దిగేది కాదని పైడయ్యకి గుర్తే. కాని ఆ చూపు ఇన్నేళ్లుగా ఆ పిల్లలో ఉండిపోయిందని ఆయనకి తెలియదు.

ఆ రోజు గురమ్మకి నిజం చెప్పారు. ఆవిడ ముగ్గురినీ వరసగా నిలబెట్టి తిట్టింది. కారుని చెరువులో పారేయమంది. పైడయ్య కూడా ఆవిడ పక్షమే చేరి, ఇక ఆ బండి మొహం చూడనని ఒట్టేశాడు. కన్నమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. మొగుడితో కలిసి వంగిన రేకు సాపు చేసింది, గొట్టాలన్నీ కొత్తవి వేసి టైరుకి దూరంగా తిప్పి బిగించింది. ముక్కు పైకి లేపి చూసింది, దింపి చూసింది. పెదవి మానగానే, "వచ్చే ఆదివారం మళ్లీ" అంది. "నువ్వు రాకపోయినా ఏం పర్లేదు నాన్నా. ఆయతి జెండా పడతానంది."

పైడయ్య అన్నం మానేశాడు. అది పని చేయకపోయేసరికి మళ్లీ తిన్నాడు. వెళ్లకపోతే ఇంట్లో కూర్చుని ప్రతి క్షణం ఆ తడిగీతనే చూస్తూ ఉంటాడు. వెళ్లి నిలబడితే, బండి తనని దాటిపోయిన తర్వాత తన చేతిలో ఏమీ ఉండదు. జీవితమంతా కదిలిపోయే బండ్లని రోడ్డు పక్కన నిలబడి చూశాడు. ఇంక ఆ నిలబడటం తనవల్ల కాదని ఆయనకి శనివారానికి స్పష్టంగా తెలిసిపోయింది.

ఆదివారం పొద్దున్న రోడ్డు మీద నూకరాజు కారులో టైము పెట్టె బిగించి, వీడియో సర్దుతున్నాడు. ఆయతి తన మనుషులతో అవతల తాడు దగ్గర ఉంది. పైడయ్య జెండాలు రెండూ అల్లుడి చేతిలో పెట్టి, "మోటార్ సైకిల్ మీద ఎల్లి నువ్వు నిలబడు. ఎదురుగా సూపాల. మరిసిపోకు" అన్నాడు. కారు రెండో తలుపు తీసి, వంగి, మూలిగి, లోపల కూర్చున్నాడు.

నూకరాజు లబోదిబోమన్నాడు. "మావా, దిగు మావా! నీ బరువు పడితే టైము పోతాది! పందెపోల్లు ఒప్పుకోరు!"

"గార్డు లేకుండా బండి కదలదు" అన్నాడు పైడయ్య.

నూకరాజు పెళ్లాం వైపు చూశాడు. కన్నమ్మ తండ్రివైపు చూసింది. ఆయన రెండు చేతులతో సీటు అంచులు పట్టుకున్నాడు, మెటికలు తెల్లబడ్డాయి, మొహం చెమటతో తడిసింది. ఆమె చెయ్యి చాచి, ఆయన బెల్టు లాగి బిగించి, సరిగ్గా పడిందో లేదో ఒకసారి గుంజి చూసింది. మళ్లీ ఒకసారి గుంజి చూసింది.

"నువ్వు ముందుకెల్లు రాజూ" అంది మొగుడితో. "టైము ఎంత వస్తే అంతే."

దూరాన పచ్చ జెండా లేచింది. కన్నమ్మ ఇంజిన్ రేపింది. కారు పట్టు విడిపించుకోవాలన్నట్టు ఒళ్లంతా వణికింది.

"బ్రేకు తొక్కి సూపెట్టు" అన్నాడు పైడయ్య.

తొక్కి చూపెట్టింది.

"ఇంకోపాలి."

ఇంకోసారి తొక్కింది. అక్కడ నూకరాజు జెండా ఎత్తిన చెయ్యి మార్చుకున్నాడు. పైడయ్య అద్దంలో వెనక రోడ్డు చూశాడు, ఎదురుగా రోడ్డు చూశాడు, చివరికి కూతురి మొహం చూశాడు. భయం ఇసుమంత కూడా తగ్గలేదు.

"పోనీ అమ్మా" అన్నాడు.